కొత్త బాస్ గిటార్ మీద దెబ్బ: ఏ మచ్చకు సరేననాలి, ఏ గీతకు వద్దనాలి

షాపు గోడకు ఒకే మోడల్ బాస్ గిటార్లు రెండు పక్కపక్కనే వేలాడుతున్నాయనుకోండి. ఒకటి అద్దంలా మెరుస్తోంది, ధర 30,000. రెండోదాని కింది అంచున వేలిగోరంత పెచ్చు లేచింది, ధర 26,500. రెండూ కొత్తవే. "కాస్మెటిక్ అండీ, సౌండ్‌కి ఏం కాదు" అంటాడు షాపతను.

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. సాలిడ్ బాడీ బాస్‌లో (లోపల డొల్ల లేని చెక్క బాడీ) పికప్, అంటే స్ట్రింగ్స్ కింద ఉండే అయస్కాంతపు భాగం, పసిగట్టేది స్టీలు స్ట్రింగ్ కదలికను. 34 అంగుళాల స్కేల్ (స్ట్రింగ్ ఊగే పొడవు) మీద బిగించిన ఇ స్ట్రింగ్ (అన్నిటికన్నా లావుది) సెకనుకు 41 సార్లు ఊగుతుంటే, బాడీ అంచున పోయిన పెయింటుతో దానికి పనే లేదు. అయితే ఆ పెచ్చు దానంతటదే లేవలేదు కదా. ఏదో తగిలింది, లేదా అది దేనికో వెళ్ళి తగిలింది. ఆ దెబ్బ పెచ్చు దగ్గరే ఆగిపోయిందా, నెక్ (స్ట్రింగ్స్ నొక్కే పొడవాటి చెక్క) దాకా పాకిందా అన్నది తేల్చుకోవాలి. పెచ్చు సైజు చూసి బేరమాడేవాళ్ళు ఈ ప్రశ్న అడగడం మర్చిపోతారు. నాలుగు అంగుళాల బెల్టు గీతలు వెనకాల ఉన్నా నిశ్చింతగా కొనొచ్చు. హెడ్‌స్టాక్ (ట్యూనర్లుండే నెక్ కొస) మెడ దగ్గర వెంట్రుకవాసి గీత ఉంటే సగం ధరకిచ్చినా ఆలోచించాలి.

ముందు పైపూత ఏదో తెలుసుకోండి

ఒకే దెబ్బ ఒక్కో పూత మీద ఒక్కోలా కనిపిస్తుంది. ఇవాళ మామూలు బడ్జెట్‌లో దొరికే స్క్వయర్, ఐబానెజ్, యమహా, కోర్ట్ బాస్‌ల మీద గ్లాసులా మెరిసే పూత దాదాపు ఎప్పుడూ పాలీయే: పాలిఎస్టర్ లేదా పాలియురేథేన్. గట్టిది, చెమటకు చెక్కుచెదరదు. కానీ అంచు మీద దెబ్బ పడితే గాజులా పగులుతుంది, పెచ్చు కింద తెల్లటి చెక్క బయటపడుతుంది. పూత ఎంత మందంగా ఉంటే పెచ్చు అంత లోతుగా, అంచు అంత పదునుగా ఉంటుంది. బడ్జెట్ బాడీల్లో వాడే బాస్‌వుడ్, పాప్లర్ మెత్తటి చెక్కలు. దెబ్బకు చెక్క లోపలికి నొక్కుకుపోతుంది, పైన గట్టి పాలీ దానితోపాటు వంగలేక విరుగుతుంది. కాబట్టి పెచ్చుతోపాటు చిన్న సొట్ట కూడా ఉంటే కంగారు పడాల్సిందేమీ లేదు, అది ఆ చెక్క గుణం.

నైట్రోసెల్యులోజ్ ల్యాకర్ దారి వేరు. ఖరీదైన అమెరికన్ వింటేజ్ మోడళ్ళ మీద ఎక్కువగా కనిపిస్తుంది. (ల్యాకర్ అన్న పేరులో ఏటికొప్పాక బొమ్మల లక్కతో చుట్టరికం ఉంది, పదార్థంలో లేదు.) ఇది పలచగా, కొంచెం మెత్తగా ఉంటుంది, దెబ్బకు పెచ్చు లేవడం కన్నా నొక్కుపడటం ఎక్కువ. చలిలోంచి ఒక్కసారిగా వెచ్చదనంలోకి వస్తే చెక్క, పూత ఒకే వేగంతో సాగవు, సాలెగూడు లాంటి సన్నటి గీతలు వస్తాయి. షికాగో చలికాలంలో గుమ్మం ముందు పడి ఉన్న పెట్టెను హీటరున్న హాల్లోకి తెచ్చి అక్కడికక్కడే తెరిస్తే జరిగేది ఇదే. కొన్ని గంటలు మూత తీయకుండా ఉంచితే సరిపోతుంది. మన దగ్గర చలి బెడద లేదు గానీ, మే నెల కొరియర్ వ్యానులో నైట్రో మెత్తబడి ఫోమ్ అచ్చు పడే ప్రమాదం ఉంది.

మ్యాట్, సాటిన్ పూత గురించి ఒక్క ముక్క: దాని మీద గీతను పాలిష్‌తో పోగొట్టలేరు. రుద్దిన చోట నిగనిగలాడి, గీత కన్నా పెద్ద మచ్చ మిగులుతుంది. మ్యాట్ బాస్ మీది మచ్చను మచ్చగానే కొనాలి.

మచ్చ ఎక్కడ పుట్టింది

ఫ్యాక్టరీలో పుట్టినవి అన్నిటికన్నా అమాయకమైనవి. పూతలో చిక్కుకున్న దుమ్ము రేణువు, నారింజ తొక్కలా గరుకుగా మిగిలిన చోటు, అంచున బఫ్ చక్రం ఎక్కువ రుద్ది రంగు పలచబడ్డ జాగా, బైండింగ్ (అంచు చుట్టూ అతికే సన్నటి పట్టీ) మీదికి పాకిన రంగు. ఇవి పడ్డప్పుడు ఎవరూ బాస్‌ను కింద పడేయలేదు. ఒకప్పుడు గిబ్సన్ ఇలాంటివాటికి హెడ్‌స్టాక్ వెనుక సీరియల్ నంబర్ దగ్గర 2 అనో సెకండ్ అనో ముద్ర కొట్టి తక్కువ ధరకు వదిలేది. తగ్గింపు ఉన్నది ఇలాంటి దోషానికైతే మా లెక్కలో అది మంచి బేరమే.

షాపులో పుట్టినవి: వెనకాల బెల్టు బకిల్ గీతలు, పిక్‌గార్డ్ మీద పిక్ గీతలు, స్టాండ్ రబ్బరు మచ్చ, మసకబారిన ఫ్రెట్లు (నెక్ మీది అడ్డ లోహపు పట్టీలు), తుప్పు మొహం పట్టిన స్ట్రింగ్స్. విశాఖ, కాకినాడ లాంటి సముద్రగాలి ఊళ్ళలో నెలల తరబడి వేలాడిన ముక్కకు బ్రిడ్జ్ (బాడీ మీద స్ట్రింగ్స్ ఆనే లోహపు భాగం) స్క్రూలూ పికప్ పోల్ ముక్కలూ ఎర్రబారతాయి. తడి వేలితో గీత మీద రాసి చూడండి. తడి ఉన్నంతసేపు మాయమైతే గీత పైపైనే ఉన్నట్టు, పాలిష్‌కి పోతుంది. కొత్తదని అమ్ముతున్న బాస్ మీద ఇవన్నీ కలిసి ఉంటే అది డిస్‌ప్లే పీసు. నలుగురూ వాయించారు, అంతే. కొత్త స్ట్రింగ్స్ వేసివ్వమని అడగండి. బాస్ స్ట్రింగ్స్ సెట్టు గిటార్ సెట్టంత చవకేం కాదు.

రవాణాలో పుట్టినవాటితోనే గొడవ. బాడీ మూల నలిగిందా, స్ట్రాప్ బటన్ లోపలికి దిగి చుట్టూ గుండ్రంగా పూత పగిలిందా, హెడ్‌స్టాక్ కొస చితికిందా అంటే పెట్టె పడిందని అర్థం. దాదాపు 4 కిలోల వస్తువు పడ్డప్పుడు బలం తగిలిన చోటే ఉండిపోదు. పెట్టె వెల్లకిలా పడిందనుకోండి, బాడీ ఆగిపోతుంది, హెడ్‌స్టాక్ మాత్రం ఇంకా కిందికి పోవాలని చూస్తుంది. పాతరకం పెద్ద ట్యూనర్లు ఒక్కొక్కటి 100 గ్రాముల దాకా తూగుతాయి. నాలుగూ ఆ కొసన వేలాడుతుంటే, నట్ (నెక్ చివర స్ట్రింగ్స్ ఆనే గాళ్ళ ముక్క) వెనకాల సన్నటి మెడ ఒక్క విదిలింపుకు చిట్లుతుంది. పెట్టె మీద గీత కూడా ఉండకపోవచ్చు. వెనక్కి వంగిన హెడ్‌స్టాక్, మహోగని నెక్ ఉన్న గిబ్సన్ థండర్‌బర్డ్ తరహా బాస్‌లకు ఈ అపాయం ఎక్కువ. ఫెండర్ తరహా చదును హెడ్‌స్టాక్, మేపుల్ నెక్ చాలా మొండివి.

బీటా, పూత గీతా

ఇక్కడే కొనేవాళ్ళు తికమకపడతారు. షాపు లైటు చాలదు. మొబైల్ టార్చ్ వెలిగించి గీతకు అడ్డంగా, ఉపరితలానికి ఆనించినంత కిందుగా పట్టండి. ఇప్పుడు గీతకు నీడ వస్తుంది. గీతను గోరుతో అడ్డంగా దాటండి. గోరు తగలకపోతే గీత పూతలోనే ఉంది. తగిలితే, గీత ఎటు నడుస్తోందో చూడండి. పూత గీత చెక్క గీతల్ని లెక్కచేయదు: వంకరగా పోతుంది, చెక్కను అడ్డంగా కోస్తుంది, లేదా అతుకు వెంట తిన్నగా దిగుతుంది. చెక్క బీట మాత్రం చెక్క నార వెంటే పాకుతుంది, చివర ఈకలా చీలుతుంది. తర్వాత గీతకు రెండువైపులా బొటనవేళ్ళు పెట్టి మెల్లగా వంచినట్టు నొక్కండి. గీత వెడల్పు ఇసుమంతైనా మారితే, సన్నగా టిక్కుమంటే, అది చెక్క. బాస్‌ను వెంటనే గోడకు తగిలించేయండి.

పెచ్చు చుట్టూ గోటితో తట్టడం మరో పరీక్ష. పూత చెక్కను అంటుకుని ఉన్నచోట శబ్దం గట్టిగా వస్తుంది, లేచినచోట డొల్లగా, పొడిగా వస్తుంది. డొల్ల శబ్దం ఎంతదాకా ఉందో పెచ్చు రేపు అంతదాకా ఊడుతుంది. బేరం కనిపించే పెచ్చు మీద కాక, ఆ డొల్ల వైశాల్యం మీద చేయాలి.

బోల్ట్ ఆన్ బాస్‌లలో (నెక్‌ను స్క్రూలతో బిగించినవి) నెక్ పాకెట్ (నెక్ దూరే బాడీ గుంట) మూలల నుంచి సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల గీతలు బయల్దేరడం అతి మామూలు. పాకెట్ అంచు దాకా మందంగా పాలీ కొట్టి ఉంటుంది, నెక్ బిగుతుగా దూరుతుంది, వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది. ఒత్తిడి భరించలేక పూత మూలలో చిట్లుతుంది. నాలుగు స్ట్రింగ్స్ కలిసి సుమారు 80 కిలోల లాగుడు పెడతాయి కాబట్టి అనుమానం సహజమే. కానీ నెక్‌ను పట్టి ఉంచేది పాకెట్ అడుగు, నాలుగు స్క్రూలు; పక్క గోడలు కావు. పరీక్ష ఇది: బాడీని తొడ మీద గట్టిగా పట్టుకుని హెడ్‌స్టాక్‌ను పక్కకి కొద్దిగా నెట్టండి. పాకెట్ దగ్గర సందు కదిలిందా, ఇ స్ట్రింగో జి స్ట్రింగో ఫ్రెట్‌బోర్డ్ అంచు మీదికి జరిగిందా? స్క్రూలు వదులై ఉండొచ్చు, బిగించమని మళ్ళీ చూడండి. అప్పటికీ కదిలితే వద్దు. కదలకపోతే ఆ గీత జన్మంతా అక్కడే అలాగే ఉంటుంది.

దీనికి తలకిందులుగా, మంచి బాస్‌ను బీటనుకుని వదిలేసే సందర్భమూ ఉంది. హెడ్‌స్టాక్ వెనకో, మొదటి మూడు ఫ్రెట్ల వెనకో నెక్‌కు అడ్డంగా ఒక గీత కనిపిస్తుంది. రెండు పక్కలా ఒకే కోణంలో, కత్తితో కోసినంత తిన్నగా ఉంటే అది స్కార్ఫ్ జాయింట్: రెండు చెక్కముక్కల్ని ఏటవాలుగా కోసి జిగురుతో అతికిన చోటు, ఫ్యాక్టరీ పనే. ఒకవైపే ఉండి, గజిబిజిగా ఉండి, వేలికి గరుకు తగిలితే అది పగులు.

మచ్చ వదిలేసి మిగతా బాస్‌ను చూసే పావుగంట

పడిన బాస్ అని అనుమానం ఉంటే, ట్యూన్ చేసి ఇవి చూడాల్సిందే. బ్రిడ్జ్ వైపు నుంచి నెక్‌ను తుపాకీ గురి చూసినట్టు చూడండి. రెండు అంచులూ ఒకేలా వంగాలి. ఒకటి లేచి ఇంకొకటి దిగితే నెక్ మెలి తిరిగింది, దానికి మందు లేదు. ఇ స్ట్రింగ్‌ను మొదటి ఫ్రెట్ దగ్గర, బాడీతో నెక్ కలిసే ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి ఏడో ఫ్రెట్ మీద సందు చూడండి. 0.3 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అంటే విజిటింగ్ కార్డు దూరేంత ఉండాలి. ఎక్కువ తక్కువలుంటే భయం లేదు. ట్రస్ రాడ్‌ను (నెక్ లోపల వంపు సర్దే లోహపు కడ్డీ) పావు తిప్పు తిప్పమనండి. సందు మారితే రాడ్ బతికే ఉంది. రాడ్ తిరగనని మొరాయించినా, ఎంత తిప్పినా సందు మారకపోయినా అది కాస్మెటిక్ కాదు.

17వ ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ ఎత్తు ఇ వైపు 2.4, జి వైపు 2 మిల్లీమీటర్లు ఉంటే ఫ్యాక్టరీ సెటప్ స్థాయిలో ఉన్నట్టు. ఇప్పుడు ప్రతి ఫ్రెట్ వాయించండి. 20 ఫ్రెట్లు, నాలుగు స్ట్రింగ్స్, 80 స్వరాలు. ఐదు నిమిషాలు పట్టదు. ఒకే ఫ్రెట్ బజ్ (జుయ్యిమనే చప్పుడు) కొడితే ఫ్రెట్ లేచింది, కొట్టి సరిచేయొచ్చు. వరసగా ఒక భాగమంతా బజ్ కొడితే నెక్ కథ. జి స్ట్రింగ్ మీద ఐదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య ఒక స్వరం మిగతావాటికన్నా తొందరగా చచ్చిపోతుంటే దెబ్బ వల్ల అనుకోకండి. ఫెండర్ తరహా బాస్‌లలో ఆ డెడ్ స్పాట్ పుట్టుకతో వస్తుంది, మచ్చలేని పక్క బాస్‌లోనూ ఉండే అవకాశమే ఎక్కువ.

ట్యూనర్ ఒక్కోదాన్ని పూర్తి చుట్టు తిప్పండి. చుట్టులో ఒకచోట బిగుసుకుని ఇంకోచోట వదులైతే పిడి వంగింది. జాక్ పక్క అంచున ఉంటే దాని చుట్టూ చూడండి: కేబుల్ పెట్టి ఉండగా పడ్డ బాస్‌కు సాకెట్ లోపలికి నెట్టుకుపోయి చెక్క చీలుతుంది. కేబుల్ పెట్టి జాక్‌ను అటూ ఇటూ కదపండి, నాబ్‌లన్నీ తిప్పండి. గరగర చప్పుడు ఊడిన సోల్డర్ కావచ్చు, ఉత్త దుమ్మూ కావచ్చు. వెనక కంట్రోల్ మూత తీసి చూపించమంటే ఏ మంచి షాపూ కాదనదు. బయటి గీత లోపలి గోడ మీద కూడా కనిపిస్తే అది పూత గీత కాదు.

ధర, బిల్లు

తగ్గింపును ఎమ్మార్పీతో పోల్చకండి. మొదట్లో చెప్పిన 30,000 బాస్‌నే తీసుకోండి. మచ్చలేనిదాన్ని గట్టిగా అడిగితే 27,500కు ఇచ్చే షాపులు ఉంటే, మచ్చ మీకు మిగిల్చింది 3,500 కాదు, 1,000. రేపు అమ్మేటప్పుడు కొనేవాడు అంతకన్నా ఎక్కువే కోస్తాడు. పక్కా ఫ్యాక్టరీ మచ్చకో షాపు గీతలకో అసలు మార్కెట్ ధర మీద 10 నుంచి 15 శాతం తగ్గితే బాగుందనొచ్చు. పడిన ఆనవాళ్ళుండి పరీక్షలన్నీ నెగ్గినదానికి అంతకన్నా ఎక్కువ అడగాలి. డబ్బు తగ్గించనంటే సెటప్, కొత్త స్ట్రింగ్స్, గిగ్ బ్యాగ్ అడగండి. షాపువాళ్ళకు రూపాయి తగ్గించడం కన్నా ఇవి ఇవ్వడం తేలిక. చర్చిలో వారం వారం వాయించే బాస్‌కైతే రీసేల్ గురించి పెద్దగా తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు. ఏడాదిలో దాని మీద మీ గీతలే పది పడతాయి.

బిల్లు మీద "డ్యామేజ్డ్ పీస్" అని ఒక్క మాట రాయనివ్వకండి. దాని కిందికి రేపు ఏదైనా తోసేయొచ్చు. "వెనుక కింది అంచున 2 సెం.మీ. పెయింట్ పెచ్చు, వేరే లోపం లేదు" అని రాయించండి, సీరియల్ నంబర్ పక్కనే. ఆ పెచ్చు గురించి మీరు తర్వాత ఫిర్యాదు చేయలేరు, తెలిసే కొన్నారు. ట్రస్ రాడ్ పనిచేయకపోతే మాత్రం చేయొచ్చు. "ఒకసారి అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు" అన్న అచ్చు బిల్లు మీద ఉన్నా అది చివరి మాట కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వాపసు తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరించడం అన్యాయ వ్యాపార పద్ధతి. ఆన్‌లైన్‌లో ప్రకటించినట్టు లేని సరుకునూ అమ్మకందారు వాపసు తీసుకోవాల్సిందే. మాటలతో తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

కంపెనీ వారంటీ సంగతి విడిగా అడగాలి. పూత మీది మచ్చలకు అది మామూలుగా వర్తించదు. తగ్గింపు ముక్కకు మిగతా వారంటీ ఉందో లేదో రాతలో తీసుకోండి. అమెరికాలోని బంధువులు కొనిపెట్టిన బాస్ అయితే, చాలా బ్రాండ్ల వారంటీ కొన్న దేశం దాటి రాదు.

కొరియర్‌లో వచ్చేదైతే పెట్టె ఆరువైపులా ఫోటో, తర్వాత ఆపకుండా తీసిన వీడియో, అందులో సీరియల్ నంబర్, హెడ్‌స్టాక్ వెనుక భాగం దగ్గరగా. పెట్టె, ఫోమ్ వాపసు గడువు దాటేదాకా పారేయకండి. ఆ గడువు లోపల మచ్చను బాగుచేయడానికి అస్సలు చేయి పెట్టకండి. ఒక్క చుక్క జిగురు పడిందా, అది మీరు చేసిన డ్యామేజీ అయిపోతుంది.

పెచ్చును ఆపడం

చెక్క బయటపడ్డ పెచ్చును అలాగే వదిలేస్తే చెమట, తేమ లోపలికి పోయి చుట్టూ పూత లేస్తుంది. అందంగా చేయడం రెండో పని, మూసేయడం మొదటిది. ఈ కింది పద్ధతి గ్లాసులా మెరిసే పాలీకి మాత్రమే.

పెచ్చు చుట్టూ జిప్పో లైటర్‌లో పోసే ఫ్యూయల్‌తో గుడ్డ తడిపి తుడవండి. పెయింటు షాపులో ఇచ్చే థిన్నర్ వద్దు. నల్ల బాడీ అయితే చెక్క మీద నల్ల నెయిల్ పాలిష్ ఒక పూత వేసి ఒక రోజు ఆరనివ్వండి. నలుపు కలిసిపోయినంత బాగా ఇంకే రంగూ కలవదు. తెలుపు, ఎరుపు రంగులకు కార్ల టచప్ పెయింటు దగ్గరగా దొరుకుతుంది. సన్‌బర్స్ట్ (మధ్యలో లేతగా, అంచున ముదురుగా ఉండేది), మెటాలిక్ రంగుల్ని కలపబోయి చాలామంది పెచ్చు కన్నా వికారంగా చేస్తారు. వాటికి రంగు లేకుండా పారదర్శకంగా మూసేయడమే మేలు.

తర్వాత సూపర్ గ్లూ. ఫెవిక్విక్ నీళ్ళలా పలచన, ఒక్కసారి పిండితే పక్కలకు పారి మాస్కింగ్ టేప్ కిందికి దూరి గట్టిపడుతుంది. టూత్‌పిక్ కొసతో చుక్క చుక్కగా, పలచటి పొరలుగా వేయండి. పొర పొరకూ రెండు మూడు గంటలు ఆగండి. సెకన్లలో అతుక్కుంటుందని డబ్బా మీద ఉంటుంది, కానీ అది రెండు ముక్కల మధ్య సన్నటి పొరకు. గుంటలో నిలిచిన చుక్క పైన గట్టిపడి లోపల పచ్చిగానే ఉంటుంది. తొందరపడి ఒకేసారి నింపితే బుడగలు, తెల్లటి మసక. చుట్టూ ఉన్న పూత కన్నా వెంట్రుకవాసి ఎత్తు వచ్చాక 24 గంటలు వదిలేయండి.

చదును చేయడానికి సగం బ్లేడు తీసుకుని రెండు కొసలకూ సెల్లో టేప్ చుట్టండి, మధ్యలో సెంటీమీటరు పదును మాత్రమే మిగిలేలా. టేపు బాగున్న పూత మీద జారుతుంది, బ్లేడు ఎత్తుగా ఉన్న జిగురును మాత్రమే గీకుతుంది. టేప్ మందం మిగిలాక 1000, 1500, 2000 నంబర్ వాటర్ పేపర్, ఎరేజర్ ముక్కకు చుట్టి, సబ్బునీళ్ళతో. చివర కార్లకు వాడే రబ్బింగ్ కాంపౌండ్. అంచుల మీద పేపర్‌ను నాలుగు రుద్దులకు మించి ఆడించొద్దు. పూత అన్నిటికన్నా పలచగా ఉండేది అక్కడే. పూత దాటి రంగు బయటపడితే బాగుచేయాల్సిన చోట్లు రెండవుతాయి.

నైట్రో మీద ఇదంతా పనికిరాదు. అక్కడ ల్యాకర్ చుక్కలే వేయాలి, అవి పాత పూతను కొద్దిగా కరిగించి అందులో కలిసిపోతాయి. సూపర్ గ్లూ కలవదు, చుట్టూ ఒక వలయం మిగులుతుంది. సొట్టను తడిగుడ్డ, ఇస్త్రీపెట్టెతో ఆవిరి పట్టి లేపే చిట్కా పచ్చి చెక్కకు, నూనె పూతకు చెల్లుతుంది. పాలీని ఆవిరి దాటదు. నైట్రో మీద పెడితే తెల్లగా మసకబారి, ఒక్క సొట్ట ఉన్నచోట అరచేతంత మచ్చ తేలుతుంది.